వరం మైకు పట్టుకున్నోళ్లకేనా?

పోస్టు కొంచెం పెద్దది, సెలవులకు ఊరెళ్లేలోపు తీరిగ్గా చదవండి. చర్చికి వెళ్లనివాళ్లు, ఇటుకల పండగ, కొర్రకొత్త చేసుకునే ఇళ్లవాళ్లు కూడా ఈ గ్రూపులో ఉన్నారు. ఇది చర్చి సంగతే అయినా మీ ఊరికీ తగులుతుంది, అందుకే ఇక్కడ పెడుతున్నాం.

మేం నలుగురం పాడేరు వైపు ఊర్లవాళ్లం. ఒకరు నర్సింగు, ఒకరు బీఈడీ, ఇద్దరు డిగ్రీ. చిన్నప్పట్నుంచి సంఘంలోనే పెరిగాం. సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టాం, క్రిస్మస్‌కి డప్పు కొట్టాం, ఉపవాస ప్రార్థనల్లో నిద్రపోయి తిట్లు తిన్నాం. కాబట్టి బయట నిలబడి రాళ్లేస్తున్నాం అనుకోవద్దు.

పోయిన సంక్రాంతికి మా ఊర్లో జరిగింది ముందు చెప్తాం.

ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి చదివే తమ్ముడొకడు సెలవులకు ఇంటికొచ్చాడు. వచ్చిన రెండో రోజు నుంచి కాళ్లు, చేతులు, నడుము ఒకటే నొప్పులు. వాళ్లమ్మ చర్చికి తీసుకొచ్చింది. మూడు రోజులు ప్రార్థన జరిగింది. పక్క ఊరి నుంచి వచ్చిన ఒక సేవకుడికి దర్శనం వచ్చిందన్నారు, గెడ్డ దగ్గర పట్టిన దురాత్మ అన్నారు. నాలుగో రోజుకి పిల్లాడి కళ్లు పచ్చబడిపోయాయి. మాలో నర్సింగు చదివే అక్క చూసి "ఇంక ఆగకూడదు" అంది. డోలీ కట్టి రోడ్డు దాకా మోశాం. మా అయ్యగారు కూడా ఒక భుజం పట్టారు, అది చెప్పకపోతే తప్పవుతుంది. ఆస్పత్రిలో రక్తం ఎక్కించారు, పరీక్ష చేశారు. సికిల్ సెల్ అని తేలింది. రోజూ వేసుకోమని మాత్రలిచ్చి పంపారు.

పిల్లాడు కోలుకున్నాడు. తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యం. ప్రార్థన వల్ల పూర్తిగా స్వస్థత వచ్చిందని ఒక పెద్దాయన మా కువి భాషలో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు, మేమూ కొట్టాం. ఆస్పత్రి మాట, రక్తం మాట, మాత్రల మాట ఆ సాక్ష్యంలో లేదు. అది తప్పని అప్పుడు మాకూ తట్టలేదు.

రెండు నెలలకు పిల్లాడు మళ్లీ పడ్డాడు. మాత్రలేవీ అని అడిగితే వాళ్లమ్మ చూరులోంచి తీసి చూపించింది, చాలావరకు అలాగే ఉన్నాయి. "నయమైపోయిందని చర్చిలో చెప్పారు కదా, ఇంకా మాత్రలేస్తే నమ్మకం లేనట్టు కదా" అంది. డాక్టరు గారు చెప్పలేదా అమ్మా అంటే, "ఆయన తెలుగులో చెప్పాడు, నాకు సగమే తెలిసింది. చర్చిలో చెప్పింది మొత్తం తెలిసింది" అంది.

ఆ మాట విన్నాక మాకు తిండి సయించలేదు. చప్పట్లు కొట్టిన వాళ్లలో మేమూ ఉన్నాం కదా. అప్పట్నుంచి ఆత్మ వరాల గురించి బైబిల్లో అసలు ఏముందో నలుగురం కూర్చుని వరసగా చదివాం. మాకు అర్థమైంది రాస్తున్నాం.

బైబిల్లో ఉన్న జాబితా, మన కూడికల్లో ఉన్న జాబితా

కొరింథు సంఘానికి పౌలు మొదటి ఉత్తరం రాసింది క్రీస్తు శకం 55 ప్రాంతంలో. ఆ సంఘంలో వరాలకు కొదవ లేదు, గొడవలకూ కొదవ లేదు. కలిసి తినాల్సిన చోట ఉన్నోళ్లు ముందే తినేసేవాళ్లు, లేనోళ్లు ఆకలితో ఉండిపోయేవాళ్లు. నా వరం పెద్దదంటే నాది పెద్దదని పోటీ. అలాంటి సంఘానికి సర్దిచెప్పడానికి రాసిన అధ్యాయాలు 12, 13, 14. మనోళ్లు వాటినే తీసి మళ్లీ పోటీకి వాడుతున్నారు.

12వ అధ్యాయంలో మొదట తొమ్మిది వరాలున్నాయి: బుద్ధి వాక్యం, జ్ఞాన వాక్యం, విశ్వాసం, స్వస్థపరిచే వరాలు, అద్భుతాలు, ప్రవచనం, ఆత్మల వివేచన, భాషలు, భాషల అర్థం చెప్పడం. మన కూడికల్లో మైకులో వినిపించేవి వీటిలో మూడే. స్వస్థత, ప్రవచనం, భాషలు. మిగతా ఆరు ఎక్కడికి పోయాయో ఎవరూ అడగరు.

అదే అధ్యాయం చివర్లో ఇంకో జాబితా ఉంది. అందులో ఉపకారాలు చేసేవాళ్లు, ప్రభుత్వాలు చేసేవాళ్లు అని వస్తుంది. చిన్నప్పుడు అది చదివి ఎమ్మెల్యేల గురించి అనుకునేవాళ్లం. అక్కడ దాని అర్థం పనులు చక్కబెట్టి నడిపించడం. రోమా 12లో బోధించడం, పరిచర్య, పంచిపెట్టడం, పైవిచారణ, కరుణ చూపించడం కూడా కృపావరాలే. పేతురు మొదటి ఉత్తరం 4వ అధ్యాయంలో ఒక్కొక్కరూ పొందిన వరంతో ఒకరికొకరు ఉపచారం చెయ్యాలని ఉంది. నిర్గమకాండం 31లో బెసలేలు అనే పనివాడు దేవుని ఆత్మతో నిండినవాడు. ఆత్మ అతనికిచ్చింది బంగారం, వెండి, ఇత్తడి, రాయి, చెక్క పనిచేసే నేర్పు. మన ఊర్లో మందిరానికి దూలాలు చెక్కిన తాతను ఎవరైనా వరం ఉన్నవాడు అన్నారా? చర్చి ఊడ్చి, నీళ్లు మోసి, కూడికలకు వచ్చినోళ్లందరికీ వండిపెట్టే అమ్మలను అన్నారా?

ఈ వరాలన్నీ ఎందుకిచ్చారంటే 12:7లో జవాబుంది: అందరి ప్రయోజనం కోసం. మాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యమనిపించింది. ఒక వరం నిజమైనదా కాదా అని తూకం వెయ్యడానికి మనకిచ్చిన రాయి ఇదే. ఎంత గట్టిగా అరిచారు, ఎంతమంది పడిపోయారు అన్నది లెక్కలోకి రాదు. ఎవరికి మేలు జరిగిందో చూడాలి.

దిసారి పోయి అయ్యగారు వచ్చారా?

మన పాత ఊర్లలో దిసారి ఉండేవాడు, కొన్నిచోట్ల ఎజ్జోడు. జబ్బొచ్చినా, విత్తనం చల్లాలన్నా, పెళ్లి కుదరాలన్నా ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లు. ఆయనకు తెలిసింది మిగతావాళ్లకు తెలియదు. మేం ఆయన్ను తక్కువ చెయ్యట్లేదు, ఆకులు, వేర్లు, కాలం సంగతి చాలా తెలిసినవాళ్లు వాళ్లు. కానీ చర్చి వచ్చాక చాలా ఊర్లలో జరిగింది ఏంటంటే, ఆ ఒక్క మనిషి కుర్చీ అలాగే ఉంచి అందులో పాస్టరు గారిని కూర్చోబెట్టాం. జబ్బొస్తే ఆయనే, పెళ్లికి ఆయనే, పిల్ల చదువుకు వెళ్లాలా వద్దా అంటే దర్శనం చూసి ఆయనే చెప్పాలి.

ఇందులో అయ్యగార్ల తప్పుకన్నా మన తప్పే ఎక్కువ. మా అయ్యగారు జీతం లేకుండా వర్షంలో కొండెక్కి నాలుగు ఊర్లు తిరుగుతారు. ఆయన ప్రార్థన వల్ల, ఓపిక వల్ల సారా మానేసిన నాన్నలు మా ఊర్లో ఉన్నారు, అందులో మాలో ఒకరి నాన్న కూడా ఉన్నారు. అలాంటి మనిషి నెత్తిమీద తొమ్మిది వరాలూ పెట్టేసి మనం చేతులు కట్టుకుని కూర్చుంటే ఆయన మాత్రం ఎంత మోస్తాడు? పౌలు అడిగేది కూడా ఇదే: అందరూ స్వస్థపరుస్తారా, అందరూ భాషలు మాట్లాడతారా? శరీరమంతా కన్నే అయితే వినేదెవరు?

భాషల దగ్గర ఇంకో బాధ ఉంది. యూత్ మీటింగుల్లో భాషలు రానివాళ్లకు ఆత్మ లేదన్నట్టు చూస్తారు. హాస్టల్లో ఒక చెల్లి పక్కవాళ్లను చూసి అలాగే శబ్దాలు చేశానని, తర్వాత అబద్ధమాడినట్టు అనిపించి ఏడ్చానని మాతో చెప్పింది. భాషలు అందరికీ రావని బైబిలే చెప్తుంటే, ఆ పిల్ల మీద ఆ భారం ఎవరు పెట్టారు?

స్వస్థత గురించి

దేవుడు స్వస్థపరుస్తాడని మేం నమ్ముతాం. ఆ నమ్మకంతోనే రాస్తున్నాం. యాకోబు 5లో రోగి దగ్గరికి సంఘ పెద్దలు వెళ్లి నూనె రాసి ప్రార్థన చెయ్యమని ఉంది, మందు మానమని ఎక్కడా లేదు. పౌలు చేతి మీదుగా ఎన్నో స్వస్థతలు జరిగాయి. అదే పౌలు మిలేతులో త్రోఫిము జబ్బుగా ఉంటే అక్కడే వదిలి వెళ్లాల్సి వచ్చింది. తిమోతికి కడుపు బాగోలేకపోతే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. ఆయన పక్కన ఉన్న లూకా వైద్యుడు. వీళ్లెవరికీ విశ్వాసం తక్కువని పౌలు అనలేదు.

సికిల్ సెల్ మన ఆదివాసీల్లో ఎక్కువ. అది తల్లిదండ్రులిద్దరి నుంచీ పిల్లలకు వచ్చే రక్తపు జబ్బు. నొప్పులు ఒక్కసారిగా లేస్తాయి, కొన్ని రోజులకు తగ్గుతాయి. సరిగ్గా ఇక్కడే మోసపోతాం. ప్రార్థన చేసిన మూడో రోజు నొప్పి తగ్గితే జబ్బే పోయిందనుకుంటాం. జబ్బు రక్తంలో అలాగే ఉంటుంది. కేంద్రం 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, పరీక్ష చేసి కార్డులిస్తున్నారు. ఇద్దరూ క్యారియర్లయితే పుట్టే ఒక్కో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లి ప్రకటన చదివే ముందు "కార్డులు చూసుకున్నారా" అని ఒక్క మాట అడిగే అయ్యగారిది బుద్ధి వాక్యం కాదా?

టీబీ కూడా అంతే. మామూలు టీబీకి ఆరు నెలల మందు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. రెండు నెలలకు దగ్గు తగ్గుతుంది, సాక్ష్యం చెప్పించేస్తారు, మనిషి మందు ఆపేస్తాడు. మధ్యలో ఆపితే మందుకు లొంగని టీబీగా మారే ప్రమాదముంది, ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు. సాక్ష్యంలో ఒక్క మాట దాచినందుకు వచ్చే నష్టం అంత ఉంటుంది.

డబ్బు సంగతి ఎక్కువ రాయం. నయమాను దగ్గర వెండి, బట్టలు తీసుకున్న గేహజీకి ఏమైందో, వరాన్ని కొనబోయిన సీమోనుతో పేతురు ఎంత కోపంగా మాట్లాడాడో అందరికీ తెలుసు. ప్రార్థన నూనె సీసాకు రేటు పెట్టి అమ్మేవాళ్లు సంతకొచ్చినప్పుడు ఆ రెండు కథలూ గుర్తుంటే చాలు.

దర్శనంలో మనిషి పేరు

ఇది భయంతోనే రాస్తున్నాం. మన ఏజెన్సీలో చిల్లంగి అనుమానంతో మనుషుల్ని చంపేసిన కేసులు పేపర్లో చదువుతూనే ఉన్నాం. చర్చికి వచ్చినంత మాత్రాన ఆ అనుమానం మన మనసుల్లోంచి పోలేదు. అలాంటి చోట ఎవరైనా లేచి, "ఈ ఇంటి మీద ఫలానా దిక్కునున్న ముసలమ్మ చెయ్యి ఉందని ఆత్మ చూపించాడు" అంటే ఏమవుతుంది? ఆ ఊర్లో ఆ దిక్కున ఉన్న ముసలమ్మ ఒక్కతే ఉంటుంది.

ప్రవచనం చెప్పినవాడితో పని అయిపోదు. ఇద్దరో ముగ్గురో చెప్తే మిగతావాళ్లు వివేచించాలని 14:29లో ఉంది. థెస్సలొనీక మొదటి ఉత్తరం 5లో ప్రవచనాన్ని తీసిపారెయ్యొద్దని, అన్నిటినీ పరీక్షించి మంచిదే పట్టుకోమని రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కాబట్టి పరీక్షించడం ఆత్మను ఆర్పడం కాదు. కొరింథు సంఘానికి రాస్తూ ప్రవచనం పని ఏంటో కూడా పౌలు చెప్పాడు: కట్టడం, ధైర్యమివ్వడం, ఓదార్చడం. ఒకరి మీద వేలు చూపించడం అందులో లేదు.

మన దగ్గర కరువైన వరం

ఇప్పుడు ఆ తల్లి మాటకు వస్తాం. డాక్టరు చెప్పింది సగమే తెలిసింది.

పెంతెకొస్తు రోజు ఏం జరిగిందో మళ్లీ చదవండి. అపొస్తలుల కార్యాలు 2లో ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఆశ్చర్యపోయింది, ఎవరి సొంత భాషలో వాళ్లకు వినిపించినందుకు. ఆత్మ దిగివచ్చిన రోజున జరిగిన పని, అర్థం కానివాళ్లకు అర్థమవడం. 14వ అధ్యాయంలో పౌలు, అర్థం కాని భాషలో పదివేల మాటలకన్నా అర్థమయ్యే అయిదు మాటలు మేలంటాడు. అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండమంటాడు.

మన చర్చిల్లో ప్రసంగం తెలుగులో. పాటలు తెలుగులో. ముందు వరసలో కూర్చున్న అవ్వలకు కువి, ఆదివాసీ ఒడియా, కొండ భాష తప్ప ఇంకోటి సరిగా రాదు. సీతంపేట వైపు సవర, చింతూరు, భద్రాచలం వైపు కోయ, ఉట్నూరు వైపు గోండి, కొలామి, మీ దగ్గరా ఇదే కథ ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆదివారం మానకుండా వచ్చే అవ్వ ఆమెన్ దగ్గర ఆమెన్ అంటుంది, నవ్వితే నవ్వుతుంది. వాక్యం మాత్రం ఆమె దాకా వెళ్లలేదు. ఆమె భాష రెండూ తెలిసిన మనవడు వెనక బెంచీలో ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ మనవడు మనమే.

సవర భాషకు నిఘంటువు చేసి, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సొంత డబ్బు ఖర్చుపెట్టిన గిడుగు రామమూర్తి గారు సవర మనిషి కాదు, ఆ భాష నేర్చుకున్నారు. మనకు నేర్చుకునే పని కూడా లేదు, అమ్మ దగ్గరే వచ్చేసింది.

కార్యాలు 6 కూడా చూడండి. గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు రోజూ పంచే భోజనం సరిగా అందట్లేదని సణుగుడు వచ్చింది. అపొస్తలులు ఆత్మతోను జ్ఞానంతోను నిండిన ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎందుకు? పంపకం చూసుకోడానికి. మన ఊర్లో రేషన్‌కు వేలిముద్ర పడని తాత, పెన్షన్ ఆగిపోయిన అవ్వ, ఆధార్‌లో పేరు తప్పుపడిన పిల్ల ఉన్నారు. వాళ్ల కాగితం పట్టుకుని ఆఫీసుకెళ్లి మాట్లాడటం ఆత్మ పని కిందికే వస్తుంది, బైబిల్లోనే ఉంది.

ఇంకో మాట. ఉజ్జీవం అంటే మైదానం నుంచి పెద్ద సేవకుడు, పెద్ద సౌండ్ బాక్సులు రావాలనుకుంటాం. 1905లో ఖాసీ కొండల్లో, 1906లో మిజో కొండల్లో వచ్చిన ఉజ్జీవం మనలాంటి కొండవాళ్లలో వచ్చింది. 1910 నుంచి మిజో అమ్మలు వంట చేసేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం పక్కన తీసి సంఘానికివ్వడం మొదలుపెట్టారు, ఇప్పటికీ ఇస్తున్నారు. బయటి సొమ్ము కోసం ఎదురు చూడకుండా వాళ్ల సేవ నడవడానికి ఆ పిడికెళ్లు చాలా సాయపడ్డాయి. పంచిపెట్టే వరం అంటే అది. వాళ్లలో ఎవరూ మైకు పట్టుకోలేదు.

మమ్మల్ని అడిగిన రెండు ప్రశ్నలు

"నాలుగక్షరాలు రాగానే అయ్యగారికే నేర్పుతారా?" అని ఒక పెద్దాయన అడిగాడు. నేర్పడం కాదు పెద్దయ్యా, ఆయన ఒక్కడే మోస్తున్నదాంట్లో మా వాటా మేం ఎత్తుకుంటామంటున్నాం. డోలీ మోసేటప్పుడు భుజం మార్చుకోమా?

"ఈ చర్చిలే మన ఊర్లను రెండు చేశాయి, ఇంకా వరాలు ఎందుకు?" అని చర్చికి రాని మిత్రుడు అడిగాడు. కొన్ని ఊర్లలో అలా జరిగిన మాట నిజమే, కాదనం. మేమనేది, వరం అందరి మేలుకు అయితే అది గోడ దగ్గర ఆగకూడదు. మా అక్క ఇప్పుడు చర్చి వాళ్ల పిల్లలకూ, చర్చికి రాని వాళ్ల పిల్లలకూ కార్డులు చూసి చెప్తోంది.

ఈ సెలవుల్లో చెయ్యగలిగినవి

1. సాక్ష్యం మొత్తం చెప్పించండి. ప్రార్థన చేశాం, ఆస్పత్రికెళ్లాం, రక్తం ఇచ్చారు, మాత్రలు వేసుకుంటున్నాం, దేవునికి స్తోత్రం. మందు మాట చెప్తే దేవుని మహిమ తగ్గిపోదు.

2. జ్వరమొస్తే అదే రోజు ఆశా అక్క దగ్గర మలేరియా పరీక్ష, అదే రోజు ప్రార్థన. ఒకటయ్యాక ఇంకోటి అని ఆగొద్దు.

3. ప్రసంగం అయ్యాక అయిదు నిమిషాలు అడగండి. విన్నది మన భాషలో అవ్వలకు చెప్పండి. ఆస్పత్రికి ఎవరు వెళ్లినా రెండు భాషలూ వచ్చిన ఒకరు తోడు వెళ్లండి.

4. దర్శనంలో మనిషి పేరు, ఇల్లు, దిక్కు వస్తే సంఘంలో పైకి చదవకూడదని పెద్దలతో ముందే మాట్లాడుకోండి.

5. మీ సంఘంలో ఎవరికి ఏం చేతనవుతుందో ఒక నోటు పుస్తకంలో రాయండి. దరఖాస్తు రాయడం, బండి నడపడం, లెక్క చూడటం, మంత్రసాని పని, రోగి దగ్గర రాత్రంతా కూర్చోవడం. రాశాక చూస్తే మీ ఊర్లో ఎన్ని వరాలున్నాయో మీకే తెలుస్తుంది.

మేం ఇవన్నీ మా అయ్యగారి ముందు పెట్టాం. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ సాక్ష్యం నేను సరిదిద్దాల్సింది" అన్నారు. మూడో అంశానికి ఒప్పుకున్నారు, నాలుగో దానికి ఇంకా ఆలోచిస్తామన్నారు. ఒక సంఘ పెద్ద మాతో మాట్లాడటం మానేశారు. పిల్లాడు మాత్రలు వేసుకుంటున్నాడు, వాళ్లమ్మకు కువిలో మళ్లీ మొదట్నుంచి చెప్పాం. ఆమె రోజూ రాత్రి ప్రార్థన చేసి మాత్ర ఇస్తోంది. మాత్ర ఇవ్వడం అవిశ్వాసమని ఇప్పుడు అనుకోవట్లేదు.

మీ ఊర్లో ఎలా ఉందో కింద రాయండి. మేం చదివినదాంట్లో తప్పుంటే వాక్యం చూపించి చెప్పండి, దిద్దుకుంటాం.